నాలుగయ్యేదాకా

గిన్నె పడలేదు. అంత కంగారులోనూ నా రెండు చేతులూ గిన్నెనే పట్టుకున్నాయి, దాన్ని గుండెకు హత్తుకున్నాయి. పక్కన వంటగట్టు ఉందనీ, దాన్ని పట్టుకుంటే మనిషి నిలబడుతుందనీ వాటికి తట్టనేలేదు. ఈ వేళప్పుడు స్టీలు గిన్నె గచ్చు మీద పడితే ఎంత మోత మోగుతుందో, ఆ మోత ఎవరింట్లోకి పోతుందో, అదొక్కటే వాటికి తెలుసు. కాబట్టి గిన్నె క్షేమం, పడ్డదల్లా నేనే. ముందు కాలు జారింది, తర్వాత నడుం, ఆఖరున తల. చెవి వెనకాల గట్టు అంచు తగిలింది, టక్కుమన్న చప్పుడు తల లోపల పెద్దగానే వినిపించింది కానీ బయటికి అంత వచ్చి ఉండదు. ఒళ్ళు పడ్డ చప్పుడు చాలావరకు కింద పరిచిన పాత కంబళిలోకి పోయింది. ఆ కంబళి పరిచింది నేనే. కాళ్ళకి ఈ ఉన్ని మేజోళ్ళు కొనిచ్చింది మా తమ్ముడి భార్య, వదినా, ఇవి తొడుక్కుంటే పిల్లి నడిచినట్టుంటుంది, కిందవాళ్ళకి మీరు ఇంట్లో ఉన్నట్టే తెలీదు, అంది. పిల్లి జారిపడ్డట్టు నేనెక్కడా వినలేదు మరి. కంబళి లేని చోట జారి కంబళి ఉన్న చోట పడ్డాను, దీన్నే అదృష్టం అనాలి. ఇప్పుడిలా వెల్లకిలా పడి, గుండెల మీద గిన్నె పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, నాకేమైందో చూసుకోవడం మానేసి, కింద ఇంట్లో ఏమవుతోందో వింటున్నాను.

కింద చెవులాయన ఉంటాడు. ఆ పేరు నేను పెట్టిందే, అసలు పేరు తలుపు మీద రాసుంది కానీ దాన్ని ఇంతవరకూ నేను నోటితో పలకలేదు. టెలిఫోను ఆఫీసులో చేసి దిగిపోయాడట, తీగ మీద గరగర ఎక్కడ మొదలైందో చెవితోనే పట్టేవాడట, ఉద్యోగం పోయినా ఆ చెవులు మాత్రం ఆయన దగ్గరే ఉండిపోయాయి. గోడలకు చెవులుంటాయంటారు, మా ఇంట్లో నేలకి ఉన్నాయి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా, రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా ఈ ఊళ్ళో నిశ్శబ్ద వేళలు. ఆ వేళల్లో ఒక ఇంటి చప్పుడు ఇంకో ఇంట్లోకి పోకూడదు. పోతే, అవతలివాళ్ళు ఫిర్యాదు చేస్తే, నోటీసు. మూడో నోటీసుతో పురపాలక ఆఫీసు వాళ్ళిచ్చిన ఇల్లు వాళ్ళకే అప్పగించి సామాను దించుకోవాలి. మాకు రెండు వచ్చాయి. రెండూ నా పుణ్యమే. నేను పడగానే కింద కుర్చీ కిర్రుమంది, చేతికర్ర రెండు మూడు సార్లు టకటకలాడింది, సరిగ్గా నా వీపు కిందకి వచ్చి ఆగింది. అప్పట్నుంచీ ఆయన వింటున్నాడు, నేను ఆయన వినడాన్ని వింటున్నాను. ఒక్కసారి గొంతు సవరించుకున్నాడు. ఇంకో చప్పుడు రానీ, అప్పుడు చెబుతా నీ సంగతి అన్నట్టు ఉంది. తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా పడి ఉన్నాను. నా ఇంట్లో నేను దొంగనెందుకయ్యానో మాత్రం ఎవరూ అడక్కండి.

ఎడమ కాలు కదులుతోంది. కుడి కాలు కదలమంటే తుంటి దగ్గర ఏదో అడ్డుపడుతోంది, నొప్పి కాదు, నొప్పి ఇంకా దారిలో ఉన్నట్టుంది. చెవి వెనక తడిమితే తడి లేదు. తడి లేకపోవడం చూసి ముందు సంతోషపడ్డాను, తర్వాత డాక్టరమ్మ మాట గుర్తొచ్చింది. గుండెకి నేను వేసుకునే మాత్ర నెత్తుటిని పలచబరుస్తుంది, గడ్డకట్టనివ్వదు. మాత్రల చీటీ చేతిలో పెడుతూ ఆవిడ నా మొహంలోకి చూసి మరీ చెప్పింది, "పైకి నెత్తురు కనబడలేదు కదా అని ఊరుకోకండమ్మా. తలకి దెబ్బ తగిలిందంటే వెంటనే వచ్చెయ్యాలి. లోపల కారితే మీకు తెలీదు, నిద్రొస్తున్నట్టు ఉంటుంది, అంతే." నిద్ర రావడం లేదు. ఇంకా రావడం లేదు. తమ్ముడు సిటీ బస్సు నడుపుతాడు, చీకటి పడితే గానీ రాడు. మరదలు ఆసుపత్రిలో బట్టలుతికే చోట పని, సాయంత్రం బడి నుంచి పాపని తీసుకుని వస్తుంది. ఫోను ముందు గదిలో మంచం మీద, మడత పెట్టిన తువ్వాలు మీద ఉంది, మోగదు, వణుకుతుంది, ఆ వణుకు కూడా బల్ల మీద పెడితే కిందకి వినిపిస్తుందని తువ్వాలు. గోడ గడియారం బీరువాలో బట్టల మధ్య ఉంది, దాని టిక్కుటిక్కు పక్కింటి గోడకి వినిపిస్తుందని. కాబట్టి టైమెంతయిందో నాకు తెలీదు. కిటికీలోంచి వచ్చిన ఎండ గచ్చు మీద ఒక పలకలా పడింది, అది బియ్యం డబ్బా దాకా వస్తే నాలుగైనట్టు. ఇంకా జానెడు దూరం ఉంది. జానెడే కదా. నాలుగయ్యాక గిన్నె పెట్టి గచ్చుని పగలగొట్టినా ఎవరూ ఏమీ అనలేరు, అప్పుడది నా హక్కు. జానెడు ఎండ పాకేదాకా ఓ మనిషి ఆగలేదా.

ఆగగలను. ఆగడం నాకు ఇక్కడే నేర్పారు. మేం ఇంట్లో దిగిన కొత్తలో ఈ నియమాలు అర్థమయ్యేలా చెప్పడానికి ఆఫీసు నుంచి ఒకావిడ వచ్చింది, కింద హాల్లో అందర్నీ కూచోబెట్టి చెప్పింది. పిల్లలు ఏడిస్తే తప్పు కాదంది, పెద్దలు ఏడిస్తే ఎంతసేపు ఏడ్చారన్నదాన్ని బట్టి అంది. తుమ్ము తప్పు కాదు. తలుపు మూయడం తప్పు కాదు, ధడాలున వెయ్యడం తప్పు. నడవడం కాదు, గెంతడం. మాట్లాడడం కాదు, అరవడం. ఏది మాట, ఏది అరుపు అని నేనే అడిగాను, నాకు నిజంగా తెలీక. ఆవిడ చేతిలో చప్పుడు కొలిచే మిషను ఉంది, నా దగ్గరికి తెచ్చి మామూలుగా మాట్లాడండి అంది. నేను నా పేరు చెప్పాను, మా తమ్ముడు బస్సు నడుపుతాడని చెప్పాను, అంతే, మిషను మీద ఎర్ర దీపం వెలిగింది. హాలంతా ఒకటే నవ్వు. చెవులాయన మాత్రం నవ్వలేదు, ముందు వరసలో కర్ర మీద గడ్డం ఆనించి కూచున్నవాడు వెనక్కి తిరిగి నన్ను చూశాడు. పై ఇంట్లో దిగింది నేనేనని ఆయనకి అప్పుడు తెలిసింది. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు, నా నోరు మంచిదే, కాకపోతే కాస్త పెద్దది, ఆ సామెతలో కొలత గురించి ఏమీ లేదు.

ఆ నోటితోనే ఇన్నేళ్ళు బతికాం. మా ఆయన పళ్ళ బండి తోసేవాడు, నేను కేకేసేదాన్ని, నీకు గొంతు, నాకు చక్రాలు, అనేవాడు, పెళ్ళయిన కొత్తలో ఒకసారి అని తర్వాత ఎవరు కొత్తవాళ్ళు పరిచయమైనా అదే మాట అనేవాడు. అరటిపళ్ళూ అని సందు మొదట్లో ఎత్తుకుంటే సందు చివరిదాకా దించేదాన్ని కాదు, నాలుగో అంతస్తు కిటికీలు తెరుచుకునేవి, తాళ్ళు కట్టిన బుట్టలు కిందకి దిగేవి. ఒకసారి ఒకావిడ కిటికీలోంచి తొంగిచూసి, నీ కేక వింటే గానీ మా నాన్న నిద్ర లేవడు, రోజూ రా, అంది. నా కేకకి గడియారాలు సరిచేసుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. తర్వాత సందుల్లో కేకలు వెయ్యకూడదన్నారు, తర్వాత బళ్ళే రాకూడదన్నారు, ఈలోగా మా ఆయనకి ఊపిరితిత్తుల్లో నీరొచ్చింది. ఆసుపత్రి గోడ మీద పెదాల మీద వేలు పెట్టుకున్న నర్సు బొమ్మ ఉండేది. ఆయన పోయిన పొద్దున నేను నోరు తెరిచాను, తెరవగానే నిజం నర్సు వచ్చి, అచ్చం ఆ బొమ్మలాగే వేలు పెట్టుకుని, పక్క మంచం వైపు చూపించింది, అక్కడెవరికో ఆపరేషన్ అయి పడుకున్నారు. తెరిచిన నోరు మూసుకున్నాను. ఆ ఏడుపు ఇంకా నాలోనే ఉంది, ఎక్కడ ఏడవాలో తెలీక. ఈ ఇంటికొచ్చాక ఒకటి రెండు సార్లు వస్తానంది, టైము చూశాను, రెండు దాటింది, వద్దులే అన్నాను. ఆయన మీద నాకు ప్రేమ తక్కువై కాదు.

మొదటి నోటీసు నిద్రలో వచ్చింది. నోటీసు కాదు, కేక. మధ్యాహ్నం కునుకు తీస్తూ కలలో బండి వెనకాల నడుస్తున్నాను, సందు మొదటికొచ్చాం, అలవాటు ఊరుకుంటుందా, ఎత్తుకున్నాను. నా కేకకి నేనే ఉలిక్కిపడి లేచేసరికి కింద నుంచి కర్రతో పైకప్పు మీద పొడుస్తున్నాడు. కలలో అమ్మిన పళ్ళకి మెలకువలో నోటీసా అని తమ్ముడు నవ్వి కాగితాన్ని టీవీ కింద పెట్టాడు. రెండోదానికి మాత్రం ఎవరూ నవ్వలేదు. బడి లేని రోజు పాప నా దగ్గర ఆడుకుంటూ కోటు బొత్తాం నోట్లో వేసుకుంది, బొత్తాం గొంతులో అడ్డంపడింది, పిల్ల మొహం నల్లబడిపోతోంది, చప్పుడు చెయ్యడం లేదు, అసలు చప్పుడే చెయ్యడం లేదు. నేను పిల్లని భుజానేసుకుని వీపు మీద చరుస్తూ వసారాలోకి పరిగెత్తి, ఎవరన్నా రండో అని అరిచాను. మూడంతస్తులూ తలుపులు తీశారు. వాళ్ళు మెట్లెక్కేలోగా బొత్తాం ఊడి బయట పడింది, పిల్ల ఏడ్చింది, ఆ ఏడుపంత అందమైన చప్పుడు నేను నా బతుకులో వినలేదు. అది మూడున్నరప్పుడు. ఆఫీసులో విచారణకి పిలిచారు, ఆ మిషను ఆవిడే. పాపకి ఇప్పుడెలా ఉంది అని అడిగింది. బాగుందండీ అన్నాను, బాగుంటే బాగుందనే కదా అంటాం. ఆవిడ కూడా మంచిదే, నా వైపు చూసి నిట్టూర్చింది, అప్పుడు చెప్పింది, "ప్రాణం మీదికొస్తే మినహాయింపు ఉందమ్మా, లేకపోలేదు. కాకపోతే ప్రాణం మీదికొచ్చిందని తర్వాత తేలాలి." తేలలేదు. పిల్ల అక్కడే బల్ల కింద దూరి ఆడుకుంటోంది. అక్కా, నువ్వా బాగుందన్న మాట ఒక్కటి మింగాల్సింది అన్నాడు తమ్ముడు, తిరిగొచ్చేటప్పుడు బస్సులో నా పక్కన కూచుని.

అదీ ఇప్పుడు నా లెక్క. ఈ గిన్నె ఎత్తి ఒక్కటి కొడితే చెవులాయన ఫిర్యాదు పెడతాడు, పెట్టక మానడు, అప్పుడు ఆఫీసు వాళ్ళొచ్చి నన్ను లేపుతారు, ఆసుపత్రికి తీసుకెళ్తారు, బల్ల మీద పడుకోబెట్టి ఫొటోలు తీస్తారు. తీసి, ఏమీ లేదమ్మా, తుంటి బెణికింది, తల బొప్పికట్టింది, ఇంటికెళ్ళు, అంటారు. ఏ ఇంటికి. ఇదివరకు మేమున్నది కార్లకి రంగులేసే షెడ్డు వెనకాల ఒక గది. గోడలకి చెమ్మ, చెమ్మ మీద నల్లటి బూజు, తలుపు తీస్తే రంగు వాసన, తియ్యకపోతే చెమ్మ వాసన, ముందు నుయ్యి వెనక గొయ్యి. పాప ఛాతీలో పిల్లికూతలు. రాత్రంతా ముగ్గురం వంతులవారీగా దాన్ని నిలబెట్టి ఎత్తుకునేవాళ్ళం, పడుకోబెడితే ఊపిరాడేది కాదు. ఈ ఇంటి కోసం తమ్ముడు ఎన్నేళ్ళు ఆ ఆఫీసు చుట్టూ తిరిగాడో. ఇందులో దిగిన మొదటి రాత్రి మరదలు నన్ను లేపింది, వదినా, ఒకసారి వినండి, అంది. నేను విన్నాను, ఏమీ వినిపించలేదు. అదే వదినా, అంది, ఏమీ వినిపించట్లేదు, పిల్ల నిద్రపోతోంది. ఇద్దరం మంచం పక్కన కూచుని ఆ ఏమీ లేకపోవడాన్ని చాలాసేపు విన్నాం. నిశ్శబ్దం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది నాకు, అది ఒక పిల్ల ఊపిరి. ఆ ఊపిరిని నా తుంటి కోసం తాకట్టు పెట్టలేను. పైగా మరదలికి మళ్ళీ నెల తప్పింది, ఇంకా ఎవరికీ చెప్పలేదు, నాకు తెలుసు. చెప్పకుండానే తెలుసుకోవడానికి ఇంట్లో ఆడబిడ్డ ఉంటే చాలు.

ముందు గదిలో తువ్వాలు మీద ఫోను వణికింది. మరదలే అయి ఉంటుంది, ఈ వేళప్పుడు టీ విరామంలో చేస్తుంది, మాత్ర వేసుకున్నారా అని. వణికింది, ఆగింది, మళ్ళీ వణకలేదు. నిద్రపోతున్నాననుకుంటుంది. నిశ్శబ్ద వేళ కదా, ఫోను తియ్యకపోతే మంచిదే అనుకుంటుంది. పిచ్చిపిల్ల, నా మీద దానికి ఎంత నమ్మకమో. మాత్ర వేసుకున్నానే తల్లీ, వేసుకోబట్టే వచ్చింది ఈ భయమంతా. భయమా ఇది. ఇప్పటిదాకా నేను దీన్ని భయమని అనుకోలేదు, ఆలోచన అనుకున్నాను. కడుపులో ఏదో తిప్పుతోంది, నోట్లో నీళ్ళూరుతున్నాయి. ఎండ పలక కదిలిందా. కదిలింది కానీ అది ఇప్పుడు రెండుగా ఉంది, ఒకదాని మీద ఒకటి కాస్త పక్కకి జరిగి. ఒక కన్ను మూస్తే ఒకటే. తెరిస్తే రెండు. రెండిట్లో ఏది ముందు బియ్యం డబ్బాని తాకితే నాలుగైనట్టో ఆ మిషను ఆవిడని అడగాలి. నవ్వొచ్చింది. నవ్వు కూడా లోపలే నవ్వుకున్నాను, ఈ ఇంట్లో దానికీ అలవాటు పడ్డాను.

కింద కర్ర కదిలింది. కుర్చీ దాకా వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. కూచోడం లేదు ఈ మనిషి. ఒక్క చప్పుడు కోసం ఇంతసేపు నిలబడ్డాడంటే ఆ కాళ్ళకి దణ్ణం పెట్టాలి. మామూలుగా ఈ వేళకి నేను వంటింట్లోంచి ముందు గదిలోకి వెళ్తాను, మేజోళ్ళ కాళ్ళతోనైనా ఆయనకి తెలుస్తుందనుకుంటా, ఇవాళ ఆ నడక రాలేదు, దాని కోసం చూస్తున్నాడేమో. చూస్తే చూడనీ. కుడి చేత్తో గిన్నె పట్టుకుందామని చెయ్యి ఎత్తబోయాను. చెయ్యి లేవలేదు. చెయ్యి అక్కడే ఉంది, నాకు కనబడుతోంది, వేళ్ళు గిన్నె అంచు మీదే ఉన్నాయి, కానీ లెమ్మంటే అది నాది కానట్టు, పక్కింటివాళ్ళ చెయ్యి మా ఇంట్లోకి వచ్చి పడినట్టు ఉంది. ఎడం చేత్తో దాన్ని తీసి పక్కన పెట్టాను, బరువుగా ఉంది. అప్పుడు డాక్టరమ్మ మొహం చాలా దగ్గరగా వచ్చింది. ప్రాణం మీదికొచ్చిందని తేలడం అంటే ఇదేనా. ఇది తేలినట్టేనా. ఇప్పుడు కొట్టొచ్చు, ఎడం చేత్తో గిన్నె పైకి ఎత్తాను కూడా, గచ్చుకి రెండు బెత్తెల ఎత్తులో ఆగింది. కింద ఆయన దగ్గాడు. పొడి దగ్గు, హెచ్చరిక దగ్గు. చెయ్యి దానంతటదే గిన్నెని మెల్లగా, చాలా మెల్లగా, కంబళి మీద దించేసింది. నా మాట విననిది కుడి చెయ్యే అనుకున్నాను, ఎడంది కూడా ఎప్పుడో ఆఫీసు వాళ్ళ మాట వినడం మొదలుపెట్టింది. ఫరవాలేదు, ఇంకెంత, నాలుగు వేళ్ళ దూరం. ఆయన దగ్గు ఆయనది, నా ఎండ నాది. కళ్ళు మూతలు పడుతున్నాయి. ఇది నిద్ర కాదు, ఊరికే కళ్ళు మూసుకోవడం, కాసేపు. మా ఆయన బండికి నూనె వేస్తున్నాడు, ఎందుకూ అంటే చక్రం కిర్రుమంటోంది, నోటీసొస్తుంది అంటున్నాడు, నీకెలా తెలుసు, నువ్వున్నప్పుడు ఈ నియమాలు లేవు కదా అంటున్నాను, ఆయన వేలు పెదాల మీద పెట్టుకున్నాడు. వద్దు. నువ్వు అలా పెట్టుకోవద్దు. వాళ్ళందరూ పెట్టుకోనీ, నువ్వొద్దు.

పై ఇంట్లో డ్రిల్లింగ్ మిషను బుర్రుమంది. కళ్ళు తెరిచాను. ఎండ బియ్యం డబ్బా మీదికి ఎక్కి కూచుంది, రెండు ఎండలూ. నాలుగైంది. పై ఇంటి వడ్రంగి బీరువాలు చేస్తాడు, రెండు గంటల నుంచీ ఆ మిషను చేత్తో పట్టుకుని గడియారం వంక చూస్తూ ఉంటాడేమో, నాలుగు కొట్టిన క్షణం గోడలోకి దిగుతాడు. నాకు ఎంత ఆనందమేసిందో చెప్పలేను, బడి వదిలినట్టు. గెలిచాను, చప్పుడు చెయ్యకుండా గెలిచాను, మూడో నోటీసు లేదు, ఎవరూ సామాను దించక్కర్లేదు, ఇంక నా హక్కు. ఎడం చేత్తో గిన్నె ఎత్తి గచ్చు మీద కొట్టాను. మోగింది. మళ్ళీ కొట్టాను, అది మోగిందో లేదో నాకు తెలియలేదు, ఎందుకంటే అప్పటికి పక్కింట్లో మిక్సీ అందుకుంది, వసారాలోకి పిల్లలంతా ఒక్కసారే వదిలేసినట్టు వచ్చి పడ్డారు, బంతి మా తలుపుకే తగులుతోంది, ఎదురింట్లో రేడియో, దాని మీద ఇంకెవరిదో టీవీ, కింద ఎవరో మోటార్ సైకిల్ స్టార్ట్ అవ్వక తన్నుతూనే ఉన్నాడు, గంటల తరబడి అణచుకున్న బిల్డింగంతా ఒక్కసారి నోరు తెరిచింది. ఇంతమంది ఉన్నారా ఇందులో. ఇంత చప్పుడు దాచుకుని కూచున్నారా అందరూ. నేను కొడుతూనే ఉన్నాను, తలుపుకి బంతి తగిలినప్పుడల్లా గిన్నె కూడా కొట్టాను, ఆటలో ఉన్న పిల్లలకి అది వాళ్ళ ఆటలో భాగం. సరే, నాకు గొంతుంది కదా. నాలుగో అంతస్తు కిటికీలు తెరిపించిన గొంతు. ఊపిరి పీల్చి ఎత్తుకున్నాను. ఎవరన్నా రండో అనాలనుకున్నాను. ఏదో వచ్చింది నోట్లోంచి, సగం మాట, నాలుక ఒక పక్కకి పోయింది, పసిపిల్లల మూలుగులా ఉంది, మిక్సీ దాన్ని తన చప్పుడులో కలుపుకుని తిప్పేసింది.

అప్పుడు, ఆ మోతంతట్లో, కింద కుర్చీ కిర్రుమనడం నాకు వినిపించింది, అలవాటైన చెవి కదా. చెవులాయన కూచోలేదు, కుర్చీని బల్ల కిందకి తోశాడు. ఒకసారి మెట్ల మీద ఎదురుపడితే నేను ఊరుకోలేక అడిగేశాను, మీకింకేం పని లేదా బాబుగారూ, ఎప్పుడు చూసినా మా చప్పుడు వింటూ కూచోడమేనా అని. ఆయనకి కోపం రాలేదు. చాలా మర్యాదగా చెప్పాడు, "నాలుగు దాటాక మీ ఇల్లు మీరు కూల్చుకున్నా నేను అడగనమ్మా. నాకు ఆ రెండు గంటలే ముఖ్యం." అంటే నాలుగుకి ముందు నేను గిన్నెతో ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి కొట్టుంటే, ఆ కర్ర టకటకలాడుతూ మెట్లెక్కి వచ్చేది. కోపంతోనే వచ్చేవాడు, తలుపు బాదేవాడు, నేను పలకకపోతే ఊరుకునేవాడు కాదు, వాచ్‌మన్ని పిలిచేవాడు, తాళం తీయించేవాడు, నియమం అతిక్రమించిన మనిషి మొహం చూడకుండా ఆయన వెనక్కి వెళ్ళడు. ఈ ఊరు మొత్తంలో నా చప్పుడు కోసం చెవి ఒగ్గి నిలబడ్డ మనిషి ఆయనొక్కడే. నా తమ్ముడు కాదు, మరదలు కాదు, వాళ్ళు నేను నిద్రపోతున్నాననుకుంటారు. ఇంతసేపూ నా వీపు కింద నిలబడి ఉన్నాడు, నేనిలా కొట్టడమే ఆలస్యం అన్నట్టు ఉన్నాడు, నేనేమో ఆయన నిలబడి ఉన్నాడనే ఆగాను.

బాబుగారూ అన్నాను. అనగలిగానో లేదో. గిన్నె ఎక్కడో చెయ్యి జారింది, దొర్లింది, దాని మోత నాకు కూడా వినిపించలేదు. ఆయన తలుపు తీసిన చప్పుడు, తాళం వేసిన చప్పుడు, కర్ర. మా మెట్ల దగ్గర ఒక్క క్షణం ఆగింది కర్ర. ఊపిరి బిగబట్టాను. పై మెట్టు మీద మోపుతుందా. మోపితే నాకిక్కడ తెలుస్తుంది, ఆ మెట్ల మీద ఆయన అడుగు ఎలా ఉంటుందో నాకు తెలుసు. వసారాలో పిల్లలు బంతిని మా తలుపుకేసి కొట్టారు, ఎవరో గోల్ అని అరిచారు. కర్ర కిందకి దిగడం మొదలుపెట్టింది. రోజూ ఈ వేళకి నడకకి వెళ్తాడు, చీకటి పడేదాకా రాడు. ఒక్కో మెట్టూ దిగుతున్నాడు, మోకాళ్ళ నొప్పుల మనిషి, తొందర లేదు. కింద వీధి తలుపు తెరుచుకుంది. మళ్ళీ మూసుకుంది. ఎప్పటిలాగే చప్పుడు కాకుండా, జాగ్రత్తగా మూశాడు.